తోడుమనిషి

వెనక సందులోంచి దొడ్డి తలుపు నెట్టుకుని దీపశ్రీ లోపల అడుగు పెట్టేసరికి, చిన్నకూతురు అమూల్య పంపు గట్టు మీద కూర్చుని చిక్కుడుకాయలకు స్నానం చేయిస్తోంది. తల్లిని చూడగానే పిల్ల ముఖం విప్పారింది. రెండు చేతులూ చాపి పరుగెత్తుకొచ్చింది. వస్తూ వస్తూ ఏదో గుర్తొచ్చినట్టు ఠక్కున ఆగిపోయింది. చాపిన చేతులు వెనక్కి తీసుకుని వీపు వెనక దాచుకుంది.

"ముట్టుకోమాకమ్మా. నువ్వు మైల," అంది.

మూడేళ్ళ పిల్ల. సగం మాటలు ఇంకా ముద్దముద్దగానే పలుకుతుంది. ఈ మాట మాత్రం అక్షరం పొల్లుపోకుండా పలికింది.

దీపశ్రీ భుజాన ఉన్న సంచీ దించడం మర్చిపోయి అలాగే నిలబడింది. వంటింటి గుమ్మంలోంచి అత్తగారు మంగతాయారు తొంగి చూసి, "నా బంగారుతల్లి! చెప్పింది చెప్పినట్టు గుర్తు పెట్టుకుంది చూశావా," అని మనవరాలిని మెచ్చుకుంది. ఆ గొంతులో కోపం లేదు, వెటకారమూ లేదు. "పంపు కాడ బకెట్టు నింపి పెట్టా. పోసుకుని రా, అన్నం పెడతా. పొద్దుననగా తిన్నావు," అంది కోడలితో.

దీపశ్రీ ఆస్పత్రిలోనే యూనిఫాం విప్పి, మోచేతుల దాకా సబ్బు రుద్ది కడుక్కుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. రోజూ అంతే. ఆ సంగతి చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. పల్నాడు రోడ్డులోని నర్సింగ్ హోమ్‌లో, పురుళ్ళ గదిలో నర్సుగా చేరిన నాటి నుంచీ ఆమె ఇంటి ముందున్న కిరాణా కొట్టు మీదుగా లోపలికి రాలేదు. మంగతాయారు లెక్కలో జ్వరమొచ్చిన వాళ్ళకు సూదిమందు వేస్తే ఉద్యోగం. పురుడు పోస్తే మైల. పైగా కార్తీకమాసం. తెల్లారకముందే తలస్నానాలు, దీపాలు, సోమవారం ఉపవాసాలు నడుస్తున్న ఇల్లు.

చలినీళ్ళు నెత్తిన పడుతుంటే దీపశ్రీ కళ్ళు మూసుకుంది. అత్త అన్న మాటలు ఇన్నాళ్ళూ నీళ్ళతోపాటే జారిపోయేవి. ఇవాళ్టి మాట జారలేదు.

సాయంత్రం పెద్దకూతురు సాయిసాత్విక చేత ఎక్కాలు చెప్పిస్తుండగా భర్త చంద్రమౌళి కొట్లోంచి లోపలికి వచ్చాడు. దీపశ్రీ జరిగింది చెప్పింది.

"నన్ను అనుకోనీ, పడతా. పిల్ల నోట ఆ మాట పెట్టొద్దని మీరు చెప్పరా?"

"నాలుగు రోజులు ఓపిక పట్టవే. కార్తీకం ఎళ్ళిపోద్ది."

"కార్తీకం పోతే పురుళ్ళు పోవు గదా!"

చంద్రమౌళి నవ్వబోయి ఆగిపోయాడు. నర్సింగు చదివినన్నాళ్ళూ ఆమెను బండి మీద కాలేజీకి దింపింది అతనే. పరీక్షలప్పుడు గేటు బయట పాలసీసా పట్టుకుని చంటిదాన్ని భుజాన వేసుకుని తిరిగిందీ అతనే. బజారంతా నవ్వినా లెక్కచేయని మనిషి, తల్లి ఎదుట మాత్రం చదువు రాని పిల్లాడిలా నిలబడతాడు.

"అమ్మతో నేను మాట్టాడలేనే," అన్నాడు నిజాయితీగా.

"సరే. నేనే చూసుకుంటా," అంది దీపశ్రీ. ఎలా చూసుకోవాలో మాత్రం అప్పటికి ఆమెకూ తెలియదు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరికీ జడలు వేసి, పెద్దదానికి టిఫిన్ డబ్బా కట్టి, చిన్నది కొంగు పట్టుకోకుండా తప్పించుకుని ఆస్పత్రికి చేరేసరికి పురుళ్ళ గదిలో ఒక అమ్మాయి నొప్పులు పడుతోంది. రాజుపాలెం వైపు పిల్ల, మిరపకోతలకు పోయే ఇల్లు, తొలికాన్పు. ఆయా హజ్రా బీ వేడినీళ్ళు పెట్టి, మెత్తటి పాత గుడ్డలు మడతలు పెట్టి ఉంచింది. డాక్టరమ్మ వచ్చి చూసి, చేతి తొడుగులు తను వేసుకోకుండా దీపశ్రీ వైపు జరిపింది.

"ఇవాళ నువ్వు చెయ్యి. నేనిక్కడే ఉంటా."

దీపశ్రీ చేసింది. బిడ్డ తల కిందికి దిగుతున్నప్పుడు అరచేతిని అడ్డం పెట్టి, తొందరపడి తోసుకు రాకుండా ఆపుతూ, ఆ పిల్లతో ఊపిరి వదిలిస్తూ, నెమ్మదిగా బయటికి తెచ్చింది. కుట్టు పడలేదు. మగపిల్లాడు. తల్లి గుండెల మీద వేయగానే కేరుమన్నాడు. డాక్టరమ్మ వెళ్ళిపోతూ గుమ్మం దగ్గర ఆగి, "ఇక మామూలు కాన్పులు నీవే. ఇబ్బందనిపిస్తే పిలువు," అంది.

బిడ్డ వెనక దిగిన మాయను పళ్ళెంలో పరిచి ఏ ముక్కా లోపల ఉండిపోలేదని చూస్తున్న దీపశ్రీకి, ఆ మాట అర్థమవడానికి ఒక క్షణం పట్టింది. హజ్రా బీ మాత్రం వెంటనే అందుకుంది.

"నీ చెయ్యి తొందరపడదు బిడ్డా. కొందరిది చదువు చెయ్యి, కొందరిది పని చెయ్యి. నీకు రెండూ ఉండయ్."

ఆ మధ్యాహ్నం దీపశ్రీ ఇంటికి నడిచి వెళ్ళలేదు, తేలుతూ వెళ్ళింది. దారిలో మిఠాయి కొట్టు దగ్గర ఆగి మైసూర్‌పాకు కొంది. ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పాలనుకుంది. దొడ్డి తలుపు, పంపు, బకెట్టు అయ్యాక పొట్లం అత్త చేతికివ్వబోతే ఆమె చెయ్యి చాపలేదు.

"ఆస్పత్రి నుంచేనా తెచ్చింది? ఆ గూట్లో పెట్టు, చూద్దాంలే."

పొట్లం గూట్లోనే ఉంది. చెప్పాలనుకున్న మాట కూడా దీపశ్రీ గొంతు దాటలేదు.

రెండు రోజులకు సత్తెనపల్లి నుంచి మంగతాయారు అన్నగారింటి ఫోను వచ్చింది. అన్న కూతురు సుస్మిత పుట్టింటికి పురిటికి వచ్చి ఉంది. నెలలు నిండాయి. మంగతాయారు ఫోను పట్టుకుని దొడ్లో అటూ ఇటూ తిరుగుతూ చాలాసేపు మాట్లాడింది. తరవాత వచ్చి, అన్నం తింటున్న కోడలి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. అలా కూర్చోవడం ఈ మధ్య ఎప్పుడూ లేదు.

"అది కాదే దీపా. మా వదిన ఏమంటదంటే... నువ్వున్నావు గదా, మీ ఆస్పత్రికే తీసుకొస్తారంట. తెలియని చోట అయితే పిల్ల బెదిరిపోద్దంట. నువ్వు డ్యూటీలో ఉండేటప్పుడే చూసుకుని వస్తారంట."

దీపశ్రీ ముద్ద కలుపుతూ తలెత్తలేదు. సుస్మిత తల్లి, ఈ మహాలక్ష్మమ్మ పెద్దమ్మే మొన్న దీపావళికి వచ్చినప్పుడు దీపశ్రీ ఇచ్చిన మంచినీళ్ళు పక్కన పెట్టి, కొట్లోంచి సోడా తెప్పించుకుని తాగింది. ఒక్క మాట అనడానికి ఇంతకన్నా అదను దొరకదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ కళ్ళముందు మెదిలింది పెద్దమ్మ కాదు. తన పెళ్ళిలో చెయ్యి వదలకుండా పట్టుకుని తిరిగిన, చీమ కుట్టినా ఏడ్చే సుస్మిత.

"తీసుకురమ్మనండి. నేను చూసుకుంటా. అయితే ఒకటి అత్తయ్యా," అంది. "లోపలికి ఆడతోడు ఒకళ్ళని రానిస్తారు. పక్కన మన మనిషుంటే నొప్పులు పడేవాళ్ళకి ధైర్యం. పెద్దమ్మకి బీపీ గదా, ఆ ఏడుపు చూస్తే పడిపోయిద్ది. మీరు రావాలి."

మంగతాయారు ఉలిక్కిపడింది. "నేనా? పురిటి గదిలోకా? కార్తీకంలోనా?"

"పురుడు మాసం చూసుకుని రాదు గదండీ."

"నేను నోములు పట్టిన మనిషినే!"

"మీ ఇష్టం. అది చిన్నప్పటి నుంచీ ఏడిస్తే అత్తా అనే ఏడ్చిద్దని మీరే చెప్పేవాళ్ళు," అని దీపశ్రీ పళ్ళెం తీసుకుని లేచింది.

మంగతాయారు ఆ పీట మీదే చాలాసేపు కూర్చుండిపోయింది.

సోమవారం పొద్దున్నే నొప్పులు మొదలైన సుస్మితతో కారు ఆస్పత్రికి వచ్చింది. ఆ రోజు మంగతాయారుకు కటిక ఉపవాసం, సాయంత్రం కోటప్పకొండ ప్రయాణం. అయినా వచ్చింది. నుదుట విభూతి, తడి ఆరని జుట్టు ముడి, ఆకుపచ్చ నేత చీర. పురుళ్ళ గదిలో అడుగు పెట్టి, చీర కుచ్చెళ్ళు రెండు చేతులా ఎత్తి పట్టుకుని, గోడకు ఆనీ ఆననట్టు ఒక మూల నిలబడింది. శివపంచాక్షరి లోలోపల చదువుకుంటున్నట్టు పెదవులు కదులుతున్నాయి.

దీపశ్రీకి ఆమె వైపు చూసే తీరిక లేదు. సుస్మిత పొట్ట మీద చిన్న మిషను ఆనించి బిడ్డ గుండె చప్పుడు వినిపించింది. గది నిండా గుర్రం డెక్కల్లాంటి చప్పుడు. మంగతాయారు పెదవులు కదలడం ఆగింది.

"అదేంది?"

"మీ మనవడో మనవరాలో. గుండె కొట్టుకుంటంది," అంది దీపశ్రీ. "సుస్మీ, మంచం మీద పడుకుని బిగుసుకుపోమాక. లే, నడుద్దాం."

నడిపించింది. నొప్పి వచ్చినప్పుడల్లా ఆగి, తన భుజాల మీద సుస్మిత చేతులు వేయించుకుని ఊగించింది. ఒక నొప్పి గట్టిగా వచ్చి సుస్మిత "అత్తా!" అని కేక పెట్టింది. మూలనున్న మనిషి ఒక అడుగు ముందుకేసి మళ్ళీ ఆగింది.

"గోడకి కాదు అత్తయ్యా, దాని నడుముకి ఆనుకుని నిలబడండి. ఇదిగో, ఇక్కడ. అరచేత్తో గట్టిగా నొక్కి పట్టండి."

ఆ గొంతు మంగతాయారు ఎన్నడూ వినని గొంతు. గట్టిగా లేదు, అలాగని ఎదురు చెప్పే సందూ లేదు. కొట్లో లెక్కలు తప్పితే భర్త మీద తను ఎత్తే గొంతులా ఉంది. ఆమె కుచ్చెళ్ళు వదిలేసింది. నడుము నొక్కి పట్టింది. సుస్మిత తల వెనక్కి వాల్చి ఆమె భుజం మీద పెట్టుకుంది.

"ఇంకొంచెం కిందకి అత్తా... ఆ, అక్కడ."

అలా ఎంతసేపు రుద్దిందో మంగతాయారుకు తెలియదు. మధ్యలో ఒకసారి హజ్రా బీ వచ్చి "నువ్వు కూర్చో పెద్దమ్మా, నేను పట్టుకుంటా" అంటే, "నాకు వచ్చులే" అని కసురుకుంది.

ఎండ కిటికీలోకి వచ్చే వేళకు బిడ్డ తల కిందికి దిగింది. దీపశ్రీ తొడుగులు వేసుకుని ముందుకు వచ్చింది. మంగతాయారు సుస్మిత తల దగ్గర నిలబడి ఆమె చెయ్యి పట్టుకుంది. అక్కడ నిలబడితే అంతా కనపడుతుంది. ముఖం తిప్పుకోవాలనుకుంది. తిప్పుకోలేదు.

తల బయటికి వచ్చింది. వచ్చి ఆగింది. ఆ క్షణంలో మంగతాయారు చూసింది. బిడ్డ మెడ చుట్టూ నీలంగా, తడిగా, పాములా మెరుస్తూ బొడ్డుపేగు.

ఆమెకు పెద్దలు చెప్పే మాట గుర్తొచ్చింది. పేగు మెడలో వేసుకుని పుడితే మేనమామకు గండం. సుస్మిత తమ్ముడు నవీన్ బయట వరండాలోనే ఉన్నాడు. వాడికి మాఘంలో పెళ్ళి ముహూర్తం.

"ముక్కమాక సుస్మీ. ఆగు. నోటితో ఊపిరి వదులు, ఉఫ్ ఉఫ్‌మని. అంతే, అంతే," అంటోంది దీపశ్రీ. గొంతులో ఏ మార్పూ లేదు. రెండు వేళ్ళు పేగు కిందికి పోనిచ్చి, వదులు చేసుకుని, పిల్ల తల మీదుగా ఒడుపుగా దాటించేసింది. పడుకున్న పసిదాని మెడలో గొలుసు నిద్ర లేవకుండా తీసినట్టు తీసింది. "ఇప్పుడు కొంచెం... చాలు." భుజాలు వచ్చాయి, వెనకే ఒళ్ళంతా జారి వచ్చింది. ఉమ్మనీరు చింది మంగతాయారు చీర మీద పడింది.

ఆడపిల్ల. నీలం తిరిగి ఉంది. ఏడవలేదు.

"టవలివ్వండి అత్తయ్యా."

మంగతాయారు ఇచ్చింది. దీపశ్రీ బిడ్డను తుడుస్తూ వీపు మీద రుద్దింది. ఒకసారి, మళ్ళీ ఒకసారి. ఆమె నుదుటి మీద చెమట బొట్టు కట్టింది గానీ చెయ్యి మాత్రం తొణకలేదు. బిడ్డ ముక్కు చిట్లించింది. తుమ్మినట్టు ఏదో చప్పుడు చేసింది. ఆ తరవాత గదంతా అదిరేలా ఏడ్చింది. నీలం పోయి, పాదాల దాకా ఎరుపు పాకింది.

సుస్మిత ఏడుస్తోంది, నవ్వుతోంది. దీపశ్రీ బిడ్డను తల్లి గుండెల మీద బోర్లా పడుకోబెట్టి గుడ్డ కప్పింది. జారకుండా పట్టుకోమని అత్త చేతిని తీసి ఆ చిన్న వీపు మీద పెట్టింది. ఆ చెయ్యి అలాగే ఉండిపోయింది. పేగు కొట్టుకోవడం ఆగాక కత్తిరించడం, సుస్మిత తొడకు సూదిమందు వేయడం, మాయను పళ్ళెంలో తిరగేసి చూడటం, నెత్తురు ఎంత పోయిందో గమనించడం, పొట్ట మీద చెయ్యి వేసి గర్భసంచి గట్టిపడిందో లేదో నొక్కి చూడటం. అన్నీ మంగతాయారు కళ్ళార్పకుండా చూసింది.

"ప్రతి దానికీ ఇంత చూడాలా?" అంది మెల్లగా.

"చూడాలత్తయ్యా. బిడ్డ వచ్చేసింది గదాని అనుకుంటే కొంపలు మునిగేది ఇక్కడే."

గది శుభ్రం చేశాక దీపశ్రీ బిడ్డను గుడ్డలో చుట్టి చూపించడానికి వరండాలోకి తెచ్చింది. మంగతాయారు ముందు నడిచింది. మహాలక్ష్మమ్మ బెంచీ మీంచి లేచి ఎదురొచ్చి, బిడ్డ ముఖం చూడకముందే అడిగింది.

"దోషాలేం లేవు గదా వదినా? పేగేమన్నా మెళ్ళో ఏసుకుని పుట్టిందా? అసలే మావాడికి ముహూర్తం పెట్టుకున్నాం. అట్టా ఉంటే నూనెలో నీడ చూపించాలి, శాంతి చేయించాలి, ఆళ్ళు పెళ్ళికి ఏమంటారో ఏందో..."

దీపశ్రీ చేతుల్లోని ముఖం వైపు చూసింది. పుట్టి ఇంకా గంట కాలేదు. అవునని ఒక్క మాట వస్తే చాలు, ఇక ఇంట్లో ఎవరికి కాలు బెణికినా ఈ పిల్ల పేరే ఎత్తుతారు. నవీన్ ఫోను జేబులో పెట్టుకుని దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మంగతాయారు ఉపవాసం ఉన్న రోజు అబద్ధమాడదు. ఉపవాసం లేని రోజూ ఆడదు. చింతపండులో గింజ ఎక్కువుందని తనే కొనేవాళ్ళకు చెప్పి భర్త చేత తిట్లు తినే మనిషి.

మంగతాయారు వదిన ముఖంలోకి సూటిగా చూసింది.

"లేదొదినా. ఏ దోషమూ లా. నేను పక్కనే ఉన్నాగా," అంది. అని, కోడలి చేతుల్లోంచి బిడ్డను తీసుకుని నవీన్ చేతుల్లో పెట్టింది. "పట్టుకోరా, నీ మేనకోడలు. తల కింద చెయ్యి పెట్టు. అట్టా కాదు, ఇట్టా."

దీపశ్రీ డ్యూటీ దిగాక ఇద్దరూ ఒకే ఆటో ఎక్కారు.  మంగతాయారు చీర మీద ఆరిన మరకలను ఒకసారి చూసుకుని కొంగు సర్దుకుంది.

"నేను చూళ్ళేదనుకోమాక," అంది ఉన్నట్టుండి.

దీపశ్రీ తల తిప్పింది.

"కళ్ళారా చూశా. నువ్వు తీసేశావు. తీసేసిందాన్ని ఉందని నేనెట్టా చెప్తా?"

దీపశ్రీ కళ్ళల్లో నీళ్ళు తిరిగితే బజారు వైపు ముఖం తిప్పుకుంది. మంగతాయారు ఆ ముఖం చూడలేదు. ఆమె కోడలి ఒళ్ళో ఉన్న చేతులను చూస్తోంది. సబ్బు నీళ్ళకు నాని, వేళ్ళ చివర్లు ముడతలు పడి ఉన్నాయి.

"కొబ్బరినూనె రాసుకోవచ్చు గదే," అంది.

వెనక సందు మలుపు దగ్గర దీపశ్రీ ఆటో ఆపమనబోయింది. మంగతాయారు డ్రైవరు భుజం తట్టింది. "ముందుకు పోనీ నాయనా. కొట్టు కాడ ఆపు."

కొట్లో సాయంత్రపు బేరం అప్పుడే మొదలవుతోంది. కందిపప్పు తూస్తున్న మామగారు నాగభూషణరావు భార్య చీర చూసి త్రాసు వదిలేశాడు.

"ఏందే, ఆ మరకలేంది? అట్టాగే కొట్లోకి..."

"పురుడు పోసొచ్చాం. తప్పుకో, పిల్లకి అన్నం పెట్టాలి. పొద్దున్నుంచీ నిలువుకాళ్ళ మీద ఉంది," అని మంగతాయారు పప్పు బస్తాల మధ్య నుంచి లోపలికి నడిచింది. దీపశ్రీ ఆమె వెనకే నడిచింది. చంద్రమౌళి నోరు తెరిచి తల్లిని, పెళ్ళాన్ని మార్చి మార్చి చూశాడు.

నడవలో అమూల్య ఎదురొచ్చింది. తల్లిని చూసి ఆగి, నాయనమ్మ వైపు చూసింది. మంగతాయారు ఆ చూపుకు ఒక్క క్షణం తడబడింది. తనే పిల్లను ఎత్తి కోడలి చంకకు అందించింది.

"పొద్దున్నుంచీ అమ్మా అమ్మా అని ఏడ్చుంటావు. పో," అంది.

పిల్ల రెండు చేతులూ తల్లి మెడ చుట్టూ వేసి, ముఖం మెడవంపులో దూర్చేసింది. దీపశ్రీ చాలాసేపు అన్నం సంగతి మర్చిపోయింది.

మంగతాయారు స్నానం చేసి, కోటప్పకొండ రేపు వెళ్దామని చెప్పి, తులసి దగ్గర దీపం పెట్టి కొట్లోకి వచ్చి కూర్చుంది. అన్నం తింటున్న దీపశ్రీకి ఆమె గొంతు గోడ దాటి వినపడుతోంది. ఎదురింటి వెంకాయమ్మకు, పప్పుకొచ్చిన వాళ్ళకు, నూనెకొచ్చిన వాళ్ళకు మొదటి నుంచి చెబుతోంది.

"తల వచ్చి ఆగిపోయింది. అందరికీ పై ప్రాణాలు పైనే పోయినయి. మేం మాత్రం బెదరలా. ఉఫ్ ఉఫ్ అని ఊపిరి వదలమన్నాం. వీపు మీద రుద్దాం. కెవ్వుమంది చూడు!"

దీపశ్రీ చేతిలో ముద్ద ఆగిపోయింది. నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. పక్కన కూర్చుని హోంవర్కు రాస్తున్న సాయిసాత్విక తలెత్తింది.

"అమ్మా, నాయనమ్మ కూడా నర్సయిందా?"

"ఏమో, రేపట్నుంచి వస్తదేమో అడుగు."

"ఏమే దీపా!" కొట్లోంచి కేక వినిపించింది. "బిడ్డ బరువెంతన్నావు? ఈళ్ళు నమ్మటంలా. ఇటొచ్చి నువ్వే చెప్పు."

దీపశ్రీ చెయ్యి కడుక్కుంది. అమూల్యను చంకనేసుకుని కొట్లోకి వెళ్ళింది. నాగభూషణరావు త్రాసు పట్టుకున్న చెయ్యి ఆపి చూస్తున్నాడు. వెంకాయమ్మ, పప్పు సంచులు పట్టుకున్నవాళ్ళు, సైకిలు మీద కాలానించి నిలబడ్డ వాళ్ళు, అందరూ ఆమె వైపే చూస్తున్నారు.

"మూడు కిలోల నూరు గ్రాములు," అంది దీపశ్రీ, వీధి దాకా వినపడేలా.